1931 నాటి డిస్ట్రాయర్‌ని మన కంప్యూటర్‌లో డిజైన్ చెయ్యడం ఎలా

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు గానీ ఓడ కట్టి చూడు అని ఎవరూ అనలేదు, ఎందుకంటే ఆ రోజుల్లో స్ప్రింగ్‌షార్ప్ లేదు. ఇది విండోస్‌లో నడిచే ఫ్రీ సాఫ్ట్‌వేర్. ఓడ పొడవు, వెడల్పు, గన్స్, ఇంజిన్, ఇంధనం లాంటివి ఇస్తే ఆ ఓడ తేలుతుందా, పక్కకి ఒరుగుతుందా, అలల్లో నడుం విరిగిపోతుందా అనేది లెక్క కట్టి రిపోర్ట్ ఇస్తుంది. బొమ్మ గియ్యదు, గేమ్ కాదు, గ్రాఫిక్స్ ఆశించకండి. గళ్లలో అంకెలు నింపాలి, కింద అంకెలు మారతాయి, అంతే. కానీ ఒక్కసారి అలవాటు పడితే రాత్రి రెండింటి దాకా కూర్చోబెట్టేస్తుంది, ఆ బాధ్యత నాది కాదు.

ఇక్కడ మనం చేసేది రెండు ప్రపంచ యుద్ధాల మధ్య కాలం డిస్ట్రాయర్, అంటే గన్స్, టార్పెడోలు మోసుకుని వేగంగా పరిగెత్తే చిన్న యుద్ధనౌక. నిజంగా కట్టనిది, కానీ కట్టి ఉండొచ్చు అనిపించేది. నేను తీసుకున్నది బ్రిటిష్ రాయల్ నేవీ, 1931 ప్రోగ్రామ్ (ఆ ఏడాది ఓడల నిర్మాణ పథకం), కీల్ (ఓడ అడుగున వెన్నెముక లాంటి దూలం) వేసేది 1932లో. మీకు జపాన్ ఇష్టమైతే జపాన్ తీసుకోండి, పద్ధతి ఒకటే.

సాఫ్ట్‌వేర్ ఓపెన్ చెయ్యకముందే ఒక కాగితం తీసుకుని రెండు విషయాలు రాసుకోండి. ఒకటి, ఈ ఓడ ఎందుకు. రెండు, ఎన్ని టన్నులు. ఈ రెండోది మీ ఇష్టం కాదు. పెద్ద దేశాలు తమ నేవీల సైజుకి ఒప్పందాలతో హద్దులు పెట్టుకున్న కాలం అది. 1922 వాషింగ్టన్ ఒప్పందం డిస్ట్రాయర్ల మొత్తం టన్నేజ్ జోలికి పోలేదు గానీ 1930 లండన్ ఒప్పందం గట్టిగానే పట్టుకుంది: డిస్ట్రాయర్ అంటే స్టాండర్డ్ డిస్‌ప్లేస్‌మెంట్ 1,850 టన్నులు దాటకూడదు, గన్ 5.1 అంగుళాలు దాటకూడదు, అందులోనూ 1,500 టన్నులు దాటినవి ఆ దేశపు మొత్తం డిస్ట్రాయర్ టన్నేజ్‌లో 16 శాతానికి మించకూడదు. బ్రిటన్‌కి, అమెరికాకి చెరో 1,50,000 టన్నులు, జపాన్‌కి 1,05,500. అంటే ఇది నెల జీతంతో ఇల్లు నడిపినట్టే. ఒక్కోటి 1,500 టన్నులు పెట్టి కడితే బ్రిటన్‌కి 100 ఓడలు వస్తాయి, 1,375 టన్నులకి తగ్గిస్తే 109 వస్తాయి. సముద్రాలు ఎక్కువ, ఓడలు తక్కువ ఉన్న నేవీకి ఆ తొమ్మిది ఓడలు చిన్న విషయం కాదు. అందుకే నా కాగితం మీద రాసుకున్నది 1,375 స్టాండర్డ్.

స్టాండర్డ్ అంటే ఏంటో ఇక్కడే చెప్పేస్తా, ఎందుకంటే కొత్తగా మొదలెట్టినవాళ్లు అందరూ ఇక్కడే బోల్తా పడతారు. సిబ్బంది, మందుగుండు, సరుకులు అన్నీ ఎక్కించి, ఇంధనం గానీ బాయిలర్లకి రిజర్వ్ నీళ్లు గానీ పొయ్యకుండా తూచిన బరువు స్టాండర్డ్. స్ప్రింగ్‌షార్ప్ రిపోర్ట్‌లో లైట్, స్టాండర్డ్, నార్మల్, ఫుల్ లోడ్ అని నాలుగు బరువులు వస్తాయి. మీరు ఇచ్చే పొడవు, వెడల్పు, డ్రాఫ్ట్ (ఓడ నీళ్లలో మునిగే లోతు) మాత్రం నార్మల్‌కి సంబంధించినవి, అంటే ఇంధనం కొంత వేసుకుని నడుస్తున్న ఓడ. ఒప్పందం చూసేది స్టాండర్డ్, మీరు టైప్ చేసేది నార్మల్. ఈ తేడా గుర్తుంటే సగం పని అయినట్టే.

ఇప్పుడు ఓపెన్ చెయ్యండి, కానీ మీ ఓడ మొదలెట్టకండి. ముందు నిజంగా ఉన్న ఓడని అందులో కట్టండి. చాలామంది ఈ పని చెయ్యరు, నేనూ మొదట్లో చెయ్యలేదు. నా మొదటి ఓడకి 1,350 టన్నుల మీద ఎనిమిది గన్స్, పన్నెండు టార్పెడో ట్యూబులు, 40 నాట్లు (నాట్ అంటే గంటకి ఒక నాటికల్ మైలు), ఆశ దోశ అప్పడం వడ అన్నట్టు అన్నీ పెట్టేశా. స్టెబిలిటీ 1 కిందకి పడిపోయింది, హల్ (ఓడ ఒళ్లు) స్ట్రెంగ్త్ సంగతి అడక్కండి. అప్పుడు సాఫ్ట్‌వేర్‌నే తిట్టుకున్నా. తప్పు దానిది కాదు, నాకు కొలబద్ద లేదు.

కొలబద్దకి బ్రిటిష్ బి క్లాస్ (ఒకే డిజైన్ మీద కట్టిన డిస్ట్రాయర్ల గుంపు) బాగుంటుంది. స్టాండర్డ్ 1,360 టన్నులు, మొత్తం పొడవు 323 అడుగులు, వెడల్పు 32 అడుగుల 3 అంగుళాలు, ఇంజిన్ 34,000 హార్స్‌పవర్, 35 నాట్లు, 15 నాట్ల మీద 4,800 నాటికల్ మైళ్లు. నాలుగు 4.7 అంగుళాల గన్స్, ఎనిమిది టార్పెడో ట్యూబులు. డ్రాఫ్ట్ 12 అడుగుల 3 అంగుళాలు అని కనిపిస్తుంది, అదే ఉచ్చు. ఆ డ్రాఫ్ట్ నిండా ఇంధనం వేసినప్పటిది. చేత్తోనే లెక్క చూడండి: వాటర్‌లైన్ (నీటి మట్టం దగ్గర) పొడవు 320 అడుగులు అనుకుని దాన్ని 32.25తో, 12.25తో, బ్లాక్ కోఎఫిషియెంట్ 0.5తో గుణించి 35తో భాగిస్తే (35 ఘనపుటడుగుల ఉప్పునీళ్లు ఒక టన్ను) దాదాపు 1,806 టన్నులు వస్తుంది. బి క్లాస్ ఫుల్ లోడ్ 1,790 దగ్గర. అంటే లెక్క కరెక్టే, కానీ మీరు దాన్ని నార్మల్ గడిలో పెడితే ఓడ రెండొందల టన్నుల పైన లావెక్కిపోతుంది, తర్వాత ఎక్కడ తప్పు జరిగిందో తెలీక జుట్టు పీక్కుంటారు. డ్రాఫ్ట్‌ని పదిన్నర అడుగుల దగ్గరికి దించి చూడండి.

బ్లాక్ కోఎఫిషియెంట్ అంటే ఏం లేదు, ఓడ నీళ్లలో ఉన్న భాగం చుట్టూ ఒక పెట్టె ఊహించుకుంటే ఆ పెట్టెలో ఓడ ఎంత నిండింది అనేది. సరుకుల ఓడ పెట్టెలాగే ఉంటుంది కాబట్టి ఎక్కువ, డిస్ట్రాయర్ దొండకాయ లాగా రెండు పక్కలా సన్నబడుతుంది కాబట్టి సగం దగ్గర ఉంటుంది.

బి క్లాస్ మొత్తం ఎక్కించాక రిపోర్ట్ చూడండి. ఓవరాల్ హల్ స్ట్రెంగ్త్ 1 కంటే బాగా తక్కువ వస్తుంది. కంగారు పడకండి. పెద్ద యుద్ధనౌకలకి 1 ఉండాలి, డిస్ట్రాయర్లు రేకు డబ్బాలు, వాటికి 0.5 దాకా ఈ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు ఒప్పుకుంటారు. మీ బి క్లాస్‌కి ఎంత వచ్చిందో కాగితం మీద రాసి చుట్టూ గీత గీయండి. అది నిజంగా సముద్రం మీద తిరిగిన ఓడ, అదే మీ కొలత. మీ ఊహల ఓడ దానికంటే తక్కువ రాకూడదు, మరీ ఎక్కువ వస్తే ఎక్కడో బరువు వృథా చేస్తున్నారని. స్టాండర్డ్ బరువు అసలు ఓడకంటే ఎక్కువో తక్కువో వస్తే ఆ తేడా కూడా రాసుకోండి, మీ ఓడకి అదే తేడా వర్తిస్తుంది. కూరగాయల కొట్లో కాటా యాభై గ్రాములు తేడా అని తెలిస్తే దాన్ని బట్టి కొనుక్కుంటాం కదా, అలాగే.

ఇప్పుడు ఫైల్‌ని వేరే పేరుతో సేవ్ చేసుకుని అందులోంచి మన ఓడ మొదలెడదాం. ఖాళీ ఫైల్ నుంచి కాదు, బి క్లాస్ నుంచే. ఒకసారికి ఒక్క మార్పు.

ముందు హల్. నావి: వాటర్‌లైన్ 320 అడుగులు, వెడల్పు 33, డ్రాఫ్ట్ 10.5, బ్లాక్ 0.5. గుణించి 35తో భాగిస్తే సరిగ్గా 1,584 టన్నుల నార్మల్. వైజాగ్‌లో ఆర్కే బీచ్ నుంచి ఇప్పటి డిస్ట్రాయర్లని చూసిన కళ్లకి ఇది పడవలా అనిపిస్తుంది, ఐఎన్ఎస్ విశాఖపట్నం 163 మీటర్లు, 7,400 టన్నులు, మనది 97 మీటర్ల చిల్లర. కానీ 1931కి ఇది మామూలు సైజే.

గడిలో సంవత్సరం కూడా ఉంటుంది, దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఇంజిన్ సంవత్సరం ముందుకి జరిపితే ఇంజిన్ బరువు తగ్గుతుంది, అంటే 1932 ఓడకి 1940 అని పెడితే ఒక్కసారిగా అన్నీ అందంగా కుదిరిపోతాయి. అది పరీక్షలో స్లిప్ పెట్టుకోవడమే. 1932 అంటే 1932.

తర్వాత ఇంజిన్. ఆయిల్ బాయిలర్లు, గేర్డ్ టర్బైన్లు, రెండు షాఫ్టులు (ప్రొపెల్లర్లని తిప్పే ఇరుసులు). ఇక్కడ స్పీడ్ ఇస్తే ఎంత పవర్ కావాలో సాఫ్ట్‌వేరే చెప్తుంది. ఇక్కడ అందరికీ చేతులు దురద పెడతాయి, ఇంకో రెండు నాట్లు పెంచుదామా అని. మోటు లెక్క ఏంటంటే పవర్ స్పీడ్ ఘనంతో పెరుగుతుంది, 34 నుంచి 36 నాట్లకి వెళ్తే స్పీడ్ పెరిగింది 6 శాతం, పవర్ కావాల్సింది దాదాపు 19 శాతం ఎక్కువ. ఆ 19 శాతం ఊరికే రాదు, బాయిలర్లు, నీళ్లు, ఆయిల్, వాటిని మొయ్యడానికి ఇంకా పెద్ద హల్. ఇంకో విషయం, 320 అడుగుల ఓడకి సహజమైన స్పీడ్ అంటే 320 వర్గమూలం, 18 నాట్ల కంటే కొంచెం తక్కువ. ఆ పైన మీరు పెట్టే పవర్‌లో ఎక్కువ భాగం నీళ్లలో అలలు లేపడానికే పోతుంది, రిపోర్ట్‌లో ఆ శాతం కూడా చూపిస్తుంది, చూస్తే కడుపు తరుక్కుపోతుంది. ఫ్రెంచ్ వాళ్ల ల టెరిబ్ల్ 1935 ట్రయల్స్‌లో 45 నాట్లు కొట్టిందని చదివి ఊగిపోకండి, అది 2,500 టన్నులు దాటిన ఓడ. నేను 35.5 దగ్గర ఆగాను. రేంజ్ 15 నాట్ల మీద 5,000 మైళ్లు.

ఇప్పుడు గన్స్, అసలు మజా ఇక్కడే. బ్రిటిష్ 4.7 అంగుళాల గన్ 50 పౌన్ల గుండు పేలుస్తుంది. నాలుగు గన్స్, గన్‌కి 200 గుండ్లు అంటే ఒట్టి గుండ్ల బరువే 40,000 పౌన్లు, 18 టన్నులకి కాస్త తక్కువ. క్విక్ ఫైరింగ్, డెక్ మౌంట్, సింగిల్ మౌంట్లు నాలుగు, ముందు రెండు వెనక రెండు, అందులో ఒక్కోటి పైకి లేపి రెండోదాని మీదుగా పేల్చేలా. షీల్డ్ పల్చగా ఇవ్వండి, ఆర్మర్ (ఉక్కు కవచం) మొత్తం సున్నా. డిస్ట్రాయర్‌కి ఆర్మర్ అనే మాట మర్చిపోండి.

నా ఓడలో తేడా ఏంటంటే వెనక ఉండే టార్పెడో బ్యాంక్ (నాలుగు ట్యూబుల గుత్తి) తీసేశాను. ఎనిమిది ట్యూబులకి బదులు నాలుగే, ఆ ఖాళీ చేసిన చోట విమానాల మీద పేల్చే 4 అంగుళాల హై యాంగిల్ గన్ ఒకటి. బి క్లాస్ 4.7 గన్స్ 30 డిగ్రీల కంటే పైకి లేవవు, నెత్తి మీదకి విమానం వస్తే ఆకాశం చూస్తూ కూర్చోవడమే. 1931లో ఈ బుద్ధి ఎవరికైనా ఉండేదా అంటే, 1921లోనే అమెరికన్లు ఆస్ట్‌ఫ్రీస్‌లాండ్ అనే పాత జర్మన్ యుద్ధనౌకని ట్రయల్స్‌లో బాంబులేసి ముంచారు, కాబట్టి భయపడే మనిషి ఒకడు అడ్మిరల్టీలో (బ్రిటిష్ నేవీని నడిపే ఆఫీసు) ఉండొచ్చు. మిగతా అడ్మిరల్స్ టార్పెడోలు తీస్తే ఒప్పుకోరు, గొడవ చేస్తారు, అది నాకూ తెలుసు. కానీ 1940లో విమానాల దెబ్బ తిన్నాక వాళ్లే చాలా డిస్ట్రాయర్లలో వెనక బ్యాంక్ పీకేసి యాంటీ ఎయిర్‌క్రాఫ్ట్ గన్ పెట్టారు. నా ఓడ ఆ పని తొమ్మిదేళ్లు ముందు చేసింది, అంతే తేడా.

ఇలా ఊహించేటప్పుడు ఒక నియమం పెట్టుకోండి: ఆ ఏడాదికి లేని సామాను ఎక్కించకూడదు. రాడార్ లేదు. బోఫోర్స్ 40 మిల్లీమీటర్ లేదు. ఆస్డిక్ (శబ్దంతో సబ్‌మెరైన్లని వెతికే పరికరం) ఉంది, డెప్త్ చార్జీలు ఉన్నాయి. 4 అంగుళాల హై యాంగిల్ గన్ మొదటి ప్రపంచ యుద్ధం నుంచే ఉంది, 31 పౌన్ల గుండు. 150 గుండ్లు వేసుకుంటే రెండు టన్నుల పైన. ఇటు తీసేసిన నాలుగు టార్పెడోలు ఒక్కోటి 1.7 టన్నుల దగ్గర, అంటే దాదాపు ఏడు టన్నులు, మౌంట్ వేరే. బరువు లెక్కలో చెల్లుకి చెల్లు అనిపిస్తుంది, అనిపిస్తుంది అంతే, ఎందుకంటే గన్ ఎత్తుగా ప్లాట్‌ఫామ్ మీద కూర్చుంటుంది. టార్పెడోలు కొత్త వెర్షన్‌లో వెపన్స్ దగ్గర పెట్టొచ్చు, పాత వెర్షన్‌లో అయితే బరువు లెక్కేసి మిసిలేనియస్ వెయిట్‌లో కలపాలి. ఆస్డిక్, వైర్‌లెస్ లాంటివి కూడా అక్కడే.

ఎత్తు మీద బరువు గురించి ఒక కథ చెప్పకుండా ముందుకి పోలేను. లండన్ ఒప్పందంలో 600 టన్నుల లోపు ఓడలకి లెక్క లేదు. జపాన్ వాళ్లు ఆ సందులోంచి దూరి చిదోరి క్లాస్ అని చిన్న టార్పెడో బోట్లు కట్టారు, డిజైన్ 535 టన్నులు, దాని మీద డిస్ట్రాయర్ సైజు 127 మిల్లీమీటర్ల గన్స్ మూడు, ట్యూబులు నాలుగు. ఘాట్ రోడ్డులో బస్సు టాప్ మీద మూటలు, సైకిళ్లు, కోళ్ల గంపలు వేసి మలుపు తిప్పినట్టు. 1934 మార్చి 12న తొమొజురు అనే బోటు తుఫాను సముద్రంలో అలాగే తిరగబడిపోయింది. ఆ దెబ్బకి హత్సుహారు క్లాస్ డిస్ట్రాయర్లని కూడా విప్పి, పైన బరువు తగ్గించి మళ్లీ కట్టుకోవాల్సి వచ్చింది. మీ రిపోర్ట్‌లో స్టెబిలిటీ 1.00 కింద ఉంటే మీరు కట్టింది తొమొజురు అన్నమాట. సరిగ్గా 1.00 దగ్గర ఆగినా నాకు నిద్ర పట్టదు, 1.1 పైన ఉంచుతాను.

నా ఓడకి గన్ మార్చాక స్టెబిలిటీ కొంచెం జారింది. అప్పుడు చేసిన మార్పు చూడండి. వెడల్పు 33 నుంచి 34 అడుగులు చేశా, స్టెబిలిటీకి వెడల్పే మందు. కానీ మిగతావి అలాగే ఉంచితే నార్మల్ 1,584 నుంచి 1,632కి పోతుంది, 48 టన్నులు. అందుకని బ్లాక్‌ని 0.5 నుంచి 0.485కి దించా, 1,583కి వచ్చేసింది. పెట్టె పెద్దదైంది, లోపల దొండకాయ సన్నమైంది, నీళ్ల లెక్క మళ్లీ అదే. స్టెబిలిటీ వచ్చింది. ఊరికే రాలేదు, కొనలు సన్నబడ్డాయి కాబట్టి మందుగుండు గదులకి, మనుషులకి చోటు ఇరుకైంది, వెడల్పు పెరిగిన కొద్దీ ఓడ ఠక్కున ఊగి ఠక్కున లేస్తుంది, గన్నర్‌కి గురి కుదరదు. రిపోర్ట్‌లో స్టెడీనెస్ అని శాతం ఉంటుంది, సగటు 50. ట్రిమ్ అనే గడి ఒకటి ఉంది, సున్నా వైపు జరిపితే స్టెబిలిటీ, వంద వైపు జరిపితే స్టెడీనెస్, ఆ రెండింటి మధ్య ఎక్కడో రాజీ పడండి.

ఫ్రీబోర్డ్, అంటే నీటి పైన కనిపించే పక్క గోడ ఎత్తు. డిస్ట్రాయర్‌కి ముందు భాగం ఎత్తుగా, మధ్యలో మెట్టు దిగినట్టు, వెనక తక్కువగా ఉండాలి. నేను ముక్కు దగ్గర 20 అడుగులు, మెట్టు వెనక 8.5 దగ్గర మొదలెట్టా. పెంచితే సీబోట్ క్వాలిటీ (అలల్లో ఓడ ఎంత బాగా నడుస్తుందనే అంకె) బాగుపడుతుంది, బరువూ పెరుగుతుంది. ఇక్కడ పెద్దగా ఆలోచించకండి, సీబోట్ 1.00 దాటితే చాలు, అట్లాంటిక్‌లో పనిచేసేదైతే ఇంకొంచెం.

ఆఖర్న స్ట్రెంగ్త్. కావడి చూశారుగా, రెండు కొనలకీ బిందెలు వేలాడుతుంటే మధ్యలో భుజం మీద ఆనుకుని కర్ర వంగుతుంది. అల ఓడ మధ్యలో లేస్తే ఓడ అదే కావడి, కొనలు కిందకి వేలాడతాయి. తర్వాత అల కొనల దగ్గరికి జరిగితే ఇప్పుడు మధ్య భాగం కిందకి జారుతుంది. నిమిషానికి ఎన్నోసార్లు అటూ ఇటూ. 1935 సెప్టెంబర్ 26న జపాన్ నాలుగో ఫ్లీట్ టైఫూన్‌లోకి వెళ్లినప్పుడు హత్సుయుకి, యుగిరి అనే రెండు డిస్ట్రాయర్ల ముక్కులు మొత్తంగా తెగిపోయాయి. అవి ఫుబుకి తరహా ఓడలు, ప్రపంచం నోరెళ్లబెట్టి చూసినవి, తక్కువ బరువులో ఎక్కువ ఆయుధాలు దూర్చినవి. స్ప్రింగ్‌షార్ప్‌లో దీన్ని చూపించేది లాంగిట్యూడినల్ స్ట్రెంగ్త్ (నిలువునా బలం), క్రాస్ సెక్షనల్ (అడ్డంగా బలం) పక్కనే వస్తుంది. ఓడ పొడవు పెంచి వెడల్పు, లోతు అలాగే ఉంచితే ఇది ముందు పడిపోతుంది.

స్ట్రెంగ్త్ తక్కువొస్తే ఏం తియ్యాలి? నా వరస ఇది: ముందు స్పీడ్ అర నాట్, తర్వాత రేంజ్ కొన్ని వందల మైళ్లు, తర్వాత గన్‌కి గుండ్లు, చివర్న గన్. ఎందుకంటే డిస్ట్రాయర్‌లో మెషినరీయే మూడో వంతు పైన తినేస్తుంది, అక్కడ తగ్గిస్తేనే చేతికి నిజమైన టన్నులొస్తాయి. నాలుగు మెషిన్ గన్స్ పీకి మురిసిపోతే ఏం రాదు. నేను 35.5 నుంచి 35కి దిగాను, బాధేసింది, కానీ స్ట్రెంగ్త్ బి క్లాస్ కొలత దగ్గరికి వచ్చింది, స్టాండర్డ్ 1,375 కింద ఉంది. రిపోర్ట్ అడుగున సాఫ్ట్‌వేర్ ఇంగ్లీషులో కామెంట్లు రాస్తుంది, మెషినరీకి చోటు చాలా ఇరుకు, మనుషులకి చోటు ఇరుకు అని. డిస్ట్రాయర్‌కి అవి రాకపోతేనే అనుమానించండి, ఆ ఓడల్లో జీవితం నిజంగానే అలా ఉండేది.

ఒక్కో మార్పుకీ ఒక్కో ఫైల్ సేవ్ చేసుకోండి, పేరులో నంబర్ వెయ్యండి. పదమూడో వెర్షన్ దగ్గర ఏడోదే బాగుందనిపించినప్పుడు వెనక్కి పోవడానికి దారి ఉండాలి. నాకు అలాగే అయింది, 34 అడుగుల వెడల్పు ఉన్న ఏడో ఫైలే చివరికి నిలిచింది.

ఇక మిగిలింది పేరు. బ్రిటిష్ వాళ్లు ఆ రోజుల్లో ఏడాదికో అక్షరం చొప్పున వెళ్లేవాళ్లు, 1928 ప్రోగ్రామ్ బి (B) అయితే 1931కి ఈ (E) వస్తుంది. ఎకో, ఎక్లిప్స్, ఎలెక్ట్రా, ఎన్‌కౌంటర్, ఎస్కపేడ్, ఎస్కార్ట్, ఎస్క్, ఎక్స్‌ప్రెస్ అని ఎనిమిది వాళ్లు వాడేసుకున్నారు. డిక్షనరీలో ఈ అక్షరం పేజీలు తిరగేస్తూ మూడు రోజులైంది, నా ఓడ ఫైల్ పేరు ఇంకా ఈ-9 అనే ఉంది.